మూడో వరుసలో మా అత్తమ్మ

అత్తమ్మ సంవత్సరీకం దగ్గర పడుతున్నదని, ఆమె గదిలోని ట్రంకు పెట్టెను పోయిన ఆదివారం తెరిచాను. మూత ఎత్తగానే కలరా ఉండల వాసన గుప్పుమన్నది. పైన ఆమె రోజూ కట్టుకునే నేత చీరలు, ఒక ఊలు శాలువా, మామయ్య కళ్లజోడు డబ్బా ఉన్నాయి. అన్నిటికన్నా అడుగున, పాత వార్తాపత్రిక పరిచిన చోట, ఆవపిండి రంగు నారాయణపేట నూలు చీర ఒకటి నాలుగు మడతలు పెట్టి ఉన్నది. అది అత్తమ్మ చీర కాదు, నా చీర. దాని మెరూన్ అంచు ఒకప్పుడు వేదిక వెనుక మేకుకు తగులుకొని చిరిగితే నేను వేసిన కుట్లు ఇంకా అలాగే ఉన్నాయి. పాత చీరలు తీసుకొని స్టీలు గిన్నెలు ఇచ్చే ఆమె వీధిలోకి వచ్చినప్పుడు ఎప్పుడో ఇచ్చేసిన మూటలో అది కూడా పోయిందనే ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆ మూటలోంచి దాన్ని తీసి దాచిన సంగతి అత్తమ్మ నాకు ఎన్నడూ చెప్పలేదు.

ఆ చీర కట్టుకొని హైదరాబాదు రవీంద్రభారతిలో మేము పాడిన సాయంత్రమూ, ఒక్క పాటే విని తలా ఒక తీరుగా మాట్లాడిన మనుషులూ ఆ వాసనతో పాటే నా ముందుకు వచ్చి నిలబడ్డారు.

* * *

అప్పుడు నాకు సైఫాబాదులోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం, చిక్కడపల్లిలో అత్తవారిల్లు. టైపు మిషన్ల చప్పుడు నడుమ నేను తీసే కూనిరాగాలు విని, మా సెక్షన్లోని ఒక అక్క నన్ను నారాయణగూడలో ప్రతి ఆదివారం జరిగే బృందగాన సాధనకు వెంటబెట్టుకుపోయింది. ఒక బడిలో పిల్లల బల్లలన్నీ గోడకు జరిపి, ఆడా మగా కలిసి ముప్పై మందిమి నిలబడేవాళ్లం. గుమాస్తాలు, బ్యాంకు ఉద్యోగులు, ఇద్దరు లెక్చరర్లు, కాలేజీ పిల్లలు ఉండేవారు. మాస్టారు ఆకాశవాణిలో అప్పుడప్పుడు పాడే కళాకారులు. చిత్తూరులో పుట్టి, మద్రాసులో యూత్ కోయిర్‌ను నిలబెట్టిన ఎం.బి. శ్రీనివాసన్ గారి పద్ధతిని విని వచ్చి, అటువంటి బృందం మన నగరంలో, మన భాషలో కూడా ఉండి తీరాలని పట్టుబట్టిన మనిషి ఆయన.

మన దగ్గర పదిమంది కలిసి పాడినా స్వరం ఒక్కటే. భజనలోనైనా, బతుకమ్మ దగ్గరనైనా అందరూ ఒకే వరుసను పట్టుకొని పోతారు. మాస్టారు మమ్మల్ని మూడు పాయలుగా విడదీశారు. ఒక పాయ అసలు వరుసను పాడుతుంటే, రెండో పాయ అంతకన్నా పై స్వరాల్లో దానికి జతగా నడిచేది, మగవాళ్లు కింద షడ్జమాన్నీ పంచమాన్నీ పట్టుకొని కదలకుండా నిలిచేవారు. పక్కవారి వరుస చెవిన పడగానే మన వరుస జారిపోయేది కనుక, నేను మొదటి నెలంతా ఒక చెవి మూసుకొనే పాడాను. పట్టు దొరికి మూడు పాయలూ మొదటిసారి ఒక్కచోట కలిసిన రోజున ఆ చిన్న గది మొత్తం మోగింది. ఇరానీ హోటలు నుంచి కెటిల్లో చాయ్ తెచ్చిన పిల్లవాడు గ్లాసులు పంచడం మరిచి, పాట అయిపోయేదాకా గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆ వయసు పిల్లవాణ్ని అంతసేపు కదలకుండా నిలబెట్టగలిగినందుకు మాస్టారు ఎంత పొంగిపోయారో నాకు ఇప్పటికీ గుర్తున్నది.

* * *

ఒక ఆదివారం మాస్టారు ఎవరింటి పాటను వాళ్లు తెమ్మన్నారు. నేను మా అవ్వ పాడే ‘కలవారి కోడలు’ తీసుకుపోయాను.

ఆ కథ తెలియని తెలుగు ఆడవాళ్లు ఆ తరంలో తక్కువ. కలవారి ఇంటి కోడలు కామాక్షి కడవలో పప్పు పోసి కడుగుతుండగా ఆమె పెద్దన్న వస్తాడు. అన్న కాళ్లకు నీళ్లిచ్చి ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. కన్నీళ్లు తుడుచుకొని బయలుదేరమంటాడు అన్న. పీట మీద కూర్చున్న అత్తను పోయి అడిగితే, నాకేం తెలుసు, మీ మామనడుగు అంటుంది. మామ బావనడుగు అంటాడు. భారతం చదువుకుంటున్న బావ తోడికోడలిని అడగమంటాడు, వంట చేస్తున్న ఆమె నీ మగనినే అడుగు అంటుంది. చివరికి మగడు, చీర కట్టుకో, సొమ్ములు పెట్టుకో, సుఖంగా పుట్టినింటికి పోయి రా అంటాడు. కథ అంతే. మా వైపు ప్రతి చరణం చివరా ‘ఉయ్యాలో’ చేర్చి బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడతాము. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మా రెండో పాయలోని ఆమెకు ఇదే కథ ఉయ్యాలో లేకుండా, వేరొక వరుసలో, వాళ్ల అమ్మమ్మ ద్వారా వచ్చింది. ఇద్దరం ఒకరి తరువాత ఒకరం పాడి వినిపించినప్పుడు, కామాక్షి ఒక్కతే అయినా రెండు ఊళ్లలో ఏడ్చినట్టు అనిపించింది నాకు.

తగువు వరుస దగ్గర రాలేదు, ఒక్క మాట దగ్గర వచ్చింది. మా అవ్వ పాటలో కోడలు ప్రతి ఒక్కరినీ ‘మమ్ము తోలుతరా’ అని అడుగుతుంది. మా ఊరి మాటలో ఆడబిడ్డను తోలియ్యడమంటే గౌరవంగా సాగనంపడం. బృందంలో సగం మంది పక్కున నవ్వారు. తోలడమంటే ఎడ్లను తోలడమే వాళ్లకు తెలుసు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, నాతో టిఫిను డబ్బా పంచుకొని తిన్నవాళ్లే, కానీ ఆ నవ్వుకు నా చెవులు ఎర్రబడ్డాయి. బృందం బాగోగులు చూసే ఒక పెద్దమనిషి, నగరంలో నలుగురూ వినే పాటలో అటువంటి మాట బాగుండదనీ, అచ్చులో ఉన్నట్టుగా ‘పంపుతారా’ అనే పాడాలనీ తేల్చారు. మాస్టారు నా ముఖం చూశారు గాని ఏమీ అనలేదు. నేనూ అనలేదు. అట్లా కలిపి, దిద్ది, ఆరు నెలలు సాధన చేశాము.

* * *

ఈ పాట పుట్టి పెరిగిన చోటు గురించి కొంచెం చెప్పాలి. మా ఊరు జనగామ దగ్గర. భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు పొద్దుగూకేసరికి వాకిళ్లు ఊడ్చి, చల్లి, ముగ్గులు పెట్టి ఉండేవి. తంగేడు, గునుగు కోయడానికి మగపిల్లలు తెల్లవారకముందే చెలకల్లోకి పోయేవారు. గునుగు కొనలను రంగు నీళ్లలో ముంచి ఆరేసే పని మాది. వారం రోజుల దాకా వేళ్ల సందుల్లో ఆ గులాబి రంగు పోయేది కాదు.

పాట ఎత్తుకునేది ఒక్కరే, మిగిలిన వాళ్లు అందుకుంటారు. ఎత్తుకునే గొంతు మా అవ్వది. ఆమె గొంతు తీయనిది కాదు, గరుకైనది, కానీ చెరువుగట్టు అవతలికి వినబడేది. చరణం ఆమె నోట్లోంచి రాగానే ముప్పై నలభై గొంతులు ‘ఉయ్యాలో’ అని అందుకునేవి, ఒక్కసారిగా నడుములు వంగేవి, చేతులు చరిచేవి, గాజులు గలగలమనేవి, అడుగు ముందుకు పడేది. ఆ అందుకునే కాసేపే అవ్వకు ఊపిరి తీసుకోవడానికీ, తరువాతి చరణం తలుచుకోవడానికీ సమయం. అక్కడ వినేవాళ్లంటూ వేరే ఎవరూ ఉండరు. చంకలో పిల్లను ఎత్తుకొని దూరంగా నిలబడ్డ బాలింత కూడా పెదవులు కదుపుతూనే ఉంటుంది. పండుగకు పుట్టినింటికి వచ్చిన ఆడబిడ్డలు ఈ పాట రాగానే ఒకరినొకరు చూసుకునేవారు. రాలేకపోయిన ఆడబిడ్డ తల్లి మాత్రం, కట్టేసిన బర్రె అరుస్తున్నదనో మరొకటో చెప్పి, ఇంట్లోకి పోయేది.

* * *

రవీంద్రభారతిని రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతి సందర్భంగా కట్టారు, 1961లో మొదలైంది. అక్కడి వేదిక మీద నిలబడాలన్నది ఆ రోజుల్లో నగరంలో పాడేవాళ్లందరి కోరిక. ఆనాడు మూడు మెట్ల వరుసల్లో నిలబడ్డాము. తెర లేచే ముందు లోపల మల్లెపూల వాసన, మందపాటి వెల్వెట్ తెర దుమ్ము వాసన, మా కొత్త చీరల గంజి వాసన కలిసి ఉండేవి. తెర సందులోంచి చూస్తే మూడో వరుసలో మా అత్తమ్మ కనిపించింది. ఆమె పక్క కుర్చీలో, అదే రోజు ఊరి నుంచి వచ్చిన మా అన్న కూర్చొని ఉన్నాడు. ఈ పాటకు వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చోవలసి వస్తుందని నాకు అప్పటిదాకా తట్టలేదు. మా అన్న అంతకుముందు ఏడాది బతుకమ్మకు నన్ను తీసుకుపోవడానికి వచ్చి, ఇంట్లో ఏదో పని ఉన్నదంటే, చాయ్ తాగి ఒంటరిగా వెనక్కి పోయినవాడు.

పాట మొదలైంది. కామాక్షి ఏడుపు దాకా హాలు నిశ్శబ్దంగా ఉన్నది. అత్త మామ మీదికి, మామ బావ మీదికి తోసేటప్పుడు మా మగవాళ్ల మంద్రస్వరం వచ్చింది. అక్కడ వెనుక వరుసల్లోంచి నవ్వు లేచింది. వచ్చినవారిలో చాలామంది సచివాలయం ఉద్యోగులు. ఒక బల్ల నుంచి ఇంకొక బల్లకు నడిచే ఫైలును రోజూ చూసేవాళ్లకు అది తమ కథలాగే వినిపించింది కాబోలు. బావ దగ్గరకు వచ్చేసరికి నవ్వు పెరిగింది, తోడికోడలి దగ్గర చప్పట్లు కూడా పడ్డాయి. మేము ఆరు నెలలు ఎన్నడూ నవ్వని చోట అది. మాస్టారి చెయ్యి ఒక్క క్షణం గాలిలో ఆగింది.

అదే సమయంలో ఎడమ పక్క నుంచి ఒక ముసలామె గొంతు లేచింది. మేము చరణం పూర్తి చేయగానే ‘ఉయ్యాలో’ అని అందుకున్నది. మేమూ ఉయ్యాలో పాడుతున్నాము గాని, ఆమె శ్రుతి మాకన్నా కింద, నడక మాకన్నా నెమ్మది. పక్కనున్నవారు చెయ్యి పట్టుకొని ఆపబోయారు, ఒక కార్యకర్త వచ్చి పెదవుల మీద వేలు పెట్టి చూపించాడు. ఆమెకు అర్థం కాలేదు. పాట ఎత్తుకున్నప్పుడు అందుకోకుండా కూర్చోవడం ఆమెకు అమర్యాద. తరువాతి చరణానికి ఆమెతో పాటు ఇంకొందరు ఆడవాళ్లు కలిశారు, వాళ్ల వెనుక మరికొందరు. మా రెండో పాయ వరుస తప్పింది. కృష్ణా జిల్లా ఆమె నా పక్కనే పాడటం ఆపి, అయోమయంగా చూసింది. మాస్టారి నుదుటి మీద చెమట నాకు దీపాల వెలుగులో కనిపిస్తున్నది. అప్పుడాయన చెయ్యి కొంచెం కిందికి దించి, తాళాన్ని నెమ్మది చేసి, ఆ ముసలామె నడకకు మమ్మల్ని తెచ్చారు. చివరి రెండు చరణాల్లో స్వరాల జత లేదు, పాయలు లేవు. అందరం ఒక్క వరుసలోనే పాడాము. ఎందుకో తెలియదు, నా నోట్లోంచి ‘తోలుతరా’ అనే వచ్చింది. అంత చప్పుడులో అది ఎవరికీ వినబడలేదనుకున్నాను.

* * *

తెర పడ్డాక లోపలికి వచ్చినవారి మాటలు ఒకదానికొకటి పొసగలేదు. పేరున్న ఒక సంగీత విద్వాంసులు, పల్లె పిల్లకు గౌను తొడిగినట్టున్నదనీ, ఆ ముసలామె అందుకున్న తరువాతే పాట పాటలాగా ఉన్నదనీ మాస్టారి ముఖం మీదే అన్నారు. మాస్టారికి చదువుకున్ననాటి స్నేహితుడు ఒకాయన సరిగ్గా దానికి ఎదురు మాట అన్నారు. ఆరు నెలల కష్టాన్ని ఆ అల్లరి చెడగొట్టిందనీ, తలుపులు వేసి ఉంచవలసిందనీ ఆయన కోపం. కాలేజీ అమ్మాయిలు కొందరు, మగడు అనుమతి ఇస్తే తప్ప కదలలేని ఆడదాని పాటను ఇప్పుడు పాడటమెందుకని నన్ను నిలదీశారు. నేను జవాబు చెప్పేలోగా, వాళ్లలోనే ఒకతె, అందుకే కదా పాడాలి అని తన స్నేహితురాలితో వాదానికి దిగింది.

ఉస్మానియాలో తెలుగు చదివిన ఒక అధ్యాపకులు సంచిలోంచి చిన్న పుస్తకం తీసి, ఈ పాట ఏ ఊరిది, ఎవరి నోటిది, బతుకమ్మకేనా మరి దేనికైనా పాడతారా అని వరుసగా అడిగి రాసుకున్నారు. బిరుదురాజు రామరాజుగారు 1950లలోనే జానపద గేయాల మీద పరిశోధన చేసి దారి వేసిన విశ్వవిద్యాలయం కదా, అక్కడ చదివినవారికి పాట ఎంత ముఖ్యమో పాడిన మనిషి ఊరు కూడా అంతే ముఖ్యం. చివరన ఆయన, “పంపుతారా అన్నది మీ ఊరి మాటేనా అమ్మా?” అని అడిగారు. నేను తల వంచుకున్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా, ఆ మాట పక్కన చిన్న ప్రశ్న గుర్తు పెట్టుకున్నారు. ఆ రోజు విన్న మాటలన్నిటిలో నన్ను లోపల గుచ్చింది ఆ చిన్న గుర్తే.

పక్క తలుపు దగ్గరి కాపలాదారుకు తెలుగు పెద్దగా రాదు. పాతబస్తీ మనిషి. తాళం వేయడానికి వచ్చి, పాటలో అన్న వచ్చాడు కదా అని ఉర్దూలో అడిగాడు. ఎట్లా తెలిసిందంటే, తమ ఇళ్లలో పెళ్లికి ఆడవాళ్లు డోలక్ పెట్టుకొని పాడే గీతాల్లో కూడా ఈ చోటు వచ్చేసరికి గొంతులు ఇట్లాగే అయిపోతాయని చెప్పాడు. మా పాటలోని మాట ఒక్కటీ అర్థం కానివాడికి కథ అందింది.

మా అన్న మాత్రం పాట గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. “గౌలిగూడల ఆఖరి బస్సు దొరుకుతదో లేదో చెల్లె,” అని, నా చేతిలో అవ్వ పంపిన సత్తుపిండి మూట పెట్టి, తల తిప్పుకొని పోయాడు.

* * *

చిక్కడపల్లి దాకా రిక్షాలో అత్తమ్మ నోరు విప్పలేదు. కోపం వచ్చిందనే అనుకున్నాను. పాటలో అత్తను చూసి హాలంతా నవ్వింది కదా. ఇంట్లో కూడా రెండు మూడు రోజులు పొడి మాటలే. నేను కూడా ముభావంగానే ఉన్నాను.

తరువాతి ఆదివారం పగటిపూట వసారాలో ఇద్దరం కందిపప్పు ఏరుతున్నాము. ఆమె చాటను ఒక పక్కకు వంచి, పప్పును వేళ్లతో సన్నగా విడదీస్తూ, మట్టిబెడ్డ కనిపిస్తే గోటితో చిమ్మేది. ఆ చిమ్మిన బెడ్డ గచ్చు మీద పడే టిక్కుమనే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఉన్నట్టుండి చెయ్యి ఆపింది.

“ఆ పాటల అత్త ఉన్నది సూడు, ఆమె గూడ ఒకింటికి కోడలే గద బిడ్డా. ఆమెను ఎవలు తోలిచ్చిన్రు?”

నాకు ఏం చెప్పాలో తెలియలేదు. ఆ పాటను నేను పుట్టిన నాటి నుంచి వింటున్నాను. అవ్వ, మేనత్తలు, చెల్లెళ్లు, నేను, అందరం కామాక్షి పక్కనే నిలబడి పాడాము. పీట మీద కూర్చున్న అత్త వైపు నుంచి దాన్ని ఎన్నడూ ఎవరమూ వినలేదు.

అత్తమ్మ మళ్లీ చాట కదిలించింది. వాళ్ల ఊరు సిద్దిపేట వైపు. పదకొండో పన్నెండో ఏట పెళ్లయింది. “మా అన్న మూడేండ్లు వచ్చిండు. మా అత్త మామనడుగు అనేది. మా మామ పండుగపూట ఊళ్లెనే ఉండకపొయ్యేది. మూడేండ్లు ఒట్టి చేతుల్తోటి వాపసు పోయిండు. నాలుగో ఏడు రాలే.” ఎందుకు రాలేదని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. కొంతసేపటికి, “నువ్వు ఆఖరుకు తోలుతరా అన్నవు. నాకు ఇనొచ్చింది,” అన్నది.

ఆ సంవత్సరం బతుకమ్మకు వారం ముందే మా అన్నకు కార్డు రాయమని మా ఆయనకు చెప్పింది అత్తమ్మే. ఆ తరువాత ఏ ఏడాదీ మా అన్న ఒంటరిగా వెనక్కి పోలేదు.

* * *

బృందం మరికొన్నేళ్లు నడిచింది. కాలనీల్లో, కళాశాలల్లో, ఆకాశవాణి స్టూడియోలో ఆ పాట పాడాము. మాస్టారు దాన్ని తిరగరాశారు. ఉయ్యాలో దగ్గర మేము ఆగిపోయి, ఆయన జనం వైపు తిరిగి చెయ్యి చాచేవారు. కొన్నిచోట్ల వందల గొంతులు అందుకునేవి. కొన్నిచోట్ల ఒక్కరూ నోరు విప్పక, ఆయన చెయ్యి అట్లాగే ఉండిపోయేది. అప్పుడు మగవాళ్లు మెల్లగా అందుకొని పాటను నిలబెట్టేవారు. ‘తోలుతరా’ మాత్రం మా అందరి నోళ్లలో స్థిరపడింది. కృష్ణా జిల్లా ఆమె ఆ మాటను ఎంత చక్కగా పలికేదంటే, ఆమెది మా ఊరేనా అని ఒకరిద్దరు అడిగారు. ఆ తరువాత బదిలీలు, పిల్లల చదువులు, మాస్టారి అనారోగ్యం. ఒక ఆదివారం ఆరుగురమే వచ్చాము. బల్లలు మళ్లీ వాటి చోట పెట్టి ఇంటికి పోయాము.

2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. ఇప్పుడు మా అపార్టుమెంటు కింద ఎత్తైన సౌండ్ బాక్సులు పెట్టి రికార్డు పాటలు వేస్తారు. పిల్లలు ముచ్చటగా ఆడతారు, పూలు కూడా మేము చూడనన్ని రకాలు వస్తున్నాయి. ఎత్తుకునే గొంతూ, అందుకునే గొంతూ రెండూ ఆ డబ్బాలోంచే వస్తాయి కనుక పాడవలసిన పని ఎవరికీ లేదు. ఆఖరి ఏడాది అత్తమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి కిందికి తీసుకుపోయాము. కరెంటు పోయి బాక్సులు మూగబోయిన పది నిమిషాల్లో ఆమె నా మోచేయి గిల్లింది. నేను ఎత్తుకున్నాను. అత్త చరణం దగ్గరికి వచ్చేసరికి నా గొంతు తడబడింది. ఆమె మాత్రం తడబడకుండా, పళ్లులేని నోటితో, ఉయ్యాలో అని అందుకున్నది. కరెంటు వచ్చేదాకా అందుకుంటూనే ఉన్నది.

చీరను బాల్కనీలో ఆరేశాను. మూడు రోజులైనా కలరా ఉండల వాసన పోలేదు. నిన్న రాత్రి సిద్దిపేట నుంచి అత్తమ్మ అన్నకొడుకు ఫోను చేశాడు. వరుసకు నాకు అన్న అవుతాడు. సంవత్సరీకానికి తాము నలుగురు వస్తున్నామనీ, ఎన్ని గంటలకు రమ్మంటావు చెల్లె అనీ అడిగాడు.

“పొద్దుగాలనే రండ్రి అన్నా,” అన్నాను. “కాళ్లకు నీళ్లు పెట్టి ఉంచుతా.”